ముప్పై చుక్కలు

"మంగళవారం ఎదురెక్కాయి. బుధ, గురువారాలు దారి తప్పాయి. శుక్రవారం మళ్లీ ఎదురెక్కాయి. ఇది చదివినవాళ్లు ఏమనుకోవాలమ్మా? తెల్లకణాలు వారం వర్జ్యం చూసుకుని నడుస్తాయనుకోవాలా?"

"నాకు కనపడిందే రాశానండి మేడం."

"కనపడింది రాశావా, కనపడాలనుకున్నది రాశావా?"

"కనపడాలనుకున్నది రాసేదాన్నయితే అన్ని రోజులూ ఎదురెక్కాయనే రాసేదాన్ని కదండీ. తప్పిన రోజులు ఎందుకు రాస్తాను?"

"మాటకి మాట చెప్పకు."

"మీరు అబద్ధం అంటుంటే చెప్పక ఏం చెయ్యనండీ?"

నేను సింకు దగ్గర నిలబడి పొడుగాటి గాజు జాడీలో బ్రష్షు ఆడిస్తున్నాను. మంగళవారం, శుక్రవారం అన్న మాటలు చెవిన పడగానే చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు అప్పటికి పూర్తిగా తెలియదు. కాసేపటికి తెలిసింది.

గొడవ పడుతున్న ఇద్దరిలో ఒకరు మా ల్యాబ్‌కి పెద్ద అయిన మేడం. నోరు కటువు, పని శుభ్రం. రెండోది ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పిల్ల, తండ్రి పడవ మీద వేటకి పోతాడు. నేను ఆ ల్యాబ్‌లో ఆయాని. గుంటూరులో ఆసుపత్రి వార్డులో పద్దెనిమిదేళ్లు, ఆ తర్వాత ఈ ల్యాబ్‌లో పన్నెండేళ్లు పనిచేశాను. ఐదో తరగతి దాకా చదివాను. రాతలో తప్పులుంటే మా మనవరాలు దిద్దింది. జరిగిన దాంట్లో తప్పు మాత్రం నాదే, దాన్ని ఎవరూ దిద్దలేదు. ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో కొత్తగా చేరే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. "మనది కడిగే పనే కదా" అని మీరెప్పుడైనా అనుకుంటే, కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

ముందు ఆ అమ్మాయి ఏం చేసేదో చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన వెధవ పని మీకు అర్థం కాదు.

మన రక్తంలో ఎర్ర కణాలు కాక తెల్లవి ఉంటాయట. రోగం ఎక్కడుంటే అక్కడికి పోయి పోట్లాడేవి అవేనట. అవి రక్తంతో పాటు కొట్టుకుపోతూ, అవసరమైన చోట నాళం గోడకి అతుక్కుని, గోడ మీద పాకుతూ బయటికి పోయే సందు వెతుక్కుంటాయట. "పైన రక్తం వరదలా పోతుంటే పాకడమేంటే?" అన్నాను నేను. "అదే ఆయమ్మా, అదే నా పని" అంది ఆ పిల్ల. అప్పటి నుంచి నాకు ఆ సంగతి పట్టుకుంది.

తను గాజు పలక మీద వెంట్రుకంత లోతు కాలవ చేసేది. కాలవ అడుగున, మన నాళాల గోడకి ఉండే జిగురులాంటిదాన్ని పూసేది. దాని మీద తెల్లకణాలని వదిలి, పైనుంచి గులాబీ రంగు నీళ్లు పారించేది. కణాలు బతకడానికి కావలసిన తిండి ఆ నీళ్లలోనే ఉంటుంది. అడుగున మైక్రోస్కోపు, దానికో కెమెరా, అర నిమిషానికో ఫొటో. సాయంత్రం ఆ ఫొటోలన్నిటినీ కంప్యూటర్లో గబగబా తిప్పితే గంటసేపటి నడక నిమిషంలో కనపడేది.

మొదటిసారి నాకు చూపించిన రోజు నేను గిన్నెలు కడగడం మానేసి నిలబడిపోయాను. నీళ్లు కుడి నుంచి ఎడమకి పోతున్నాయి. ఆ బూడిదరంగు చుక్కలు మాత్రం ఎడమ నుంచి కుడికి పాకుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, చాలావరకు అంతే.

"ఏమే, ఇవి ఎదురెక్కుతున్నాయి" అన్నాను. తొలకరికి చెరువులోకి కొత్త నీళ్లు దిగుతుంటే చేపలు ఆ నీళ్లకి ఎదురు పోతాయే, అచ్చం అట్లా.

"మా నాన్న కూడా ఇదే మాట అన్నాడు ఆయమ్మా."

"కళ్లు లేవు, చెవులు లేవు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో వీటికి ఎట్లా తెలుస్తుంది?"

ఆ పిల్ల కుర్చీ నా వైపు తిప్పుకుంది. తన పనిని గురించి ఎవరైనా అడిగితే ఆ పిల్లకి అన్నం కూడా గుర్తుండదు. "పడవకి ముందు వైపు లంగరేస్తే ఏమవుద్ది చెప్పండి? వెనకవైపు నీళ్ల వెంట కొట్టుకుపోయి, ముక్కు తనంతట తనే నీళ్లకి ఎదురు తిరుగుద్ది. ఈ కణం కూడా ముందువైపు గట్టిగా అతుక్కుని, వెనకున్న తోకని పైకి లేపుద్ది. ఆ తోకని నీళ్లు నెట్టేస్తాయి. ముక్కు ఎదురు తిరుగుద్ది. పడవకి తెలియక్కర్లేదు, కణానికీ తెలియక్కర్లేదు. కొంతమంది ఇట్లా అంటున్నారు. కాదు, దానికి లోపల తెలుస్తుందనేవాళ్లూ ఉన్నారు. ఇంకా తేలలేదు."

"తేల్చేది నువ్వేనా?"

"అంత లేదులే ఆయమ్మా. ఒక చిన్న ముక్క తేల్చినా చాలు."

ఇంకో రకం తెల్లకణాలు ఉన్నాయట, అవి నీళ్ల వెంటే పోతాయట. ఒకే ఒంట్లో, ఒకే రక్తంలో, ఒక జాతి ఎదురు, ఒక జాతి వెంట. ఎందుకట్లా అని ఇంటికి పోయే బస్సులో కూడా ఆలోచించేదాన్ని. కండక్టరు రెండుసార్లు పిలిస్తే గాని టికెట్టు అడుగుతున్నాడని తెలియలేదు.

ఇక నా సంగతి.

నీళ్లు పారించడానికి యంత్రం కావాలి. రావాల్సిన యంత్రం రాలేదు. ఎదురుచూడలేక ఆ పిల్ల ఆసుపత్రి నుంచి సెలైన్ స్టాండు తెచ్చి, సీసా పైన తగిలించి, సెలైన్ ఎక్కించే గొట్టాన్నే కాలవకి బిగించింది. గొట్టానికి చిన్న చక్రం ఉన్న క్లిప్పు ఉంటుంది. చక్రాన్ని బొటనవేలితో జరిపితే చుక్కలు తగ్గుతాయి, పెరుగుతాయి. నిమిషానికి ముప్పై చుక్కలు పెట్టాలి. ఆ పిల్లకి మొదట్లో అది కుదిరేది కాదు. ముప్పై అనుకుంటే నలభై పడేవి. నేను వార్డులో సిస్టర్ల పక్కన నిలబడి ఎన్ని వేల సీసాలు చూశానో. గోడ గడియారం చూస్తూ ఒక్కసారి జరిపి ముప్పై పెట్టాను. "ఆయమ్మా, మీరే నా యంత్రం" అంది. నాకు ఒళ్లంతా గర్వం.

పన్నెండున్నరకి అంతా అమర్చి, చుక్కలు సరిచూసుకుని, కెమెరా నడిపించి, తను అన్నానికి పోయేది. హాస్టల్ మెస్సు ఒకటిన్నరకి మూసేస్తారు. "కాస్త చూస్తుండండి ఆయమ్మా, సీసా ఖాళీ అయ్యేట్టుంటే ఫోన్ చెయ్యండి" అని చెప్పి పరిగెత్తేది. రెండింటికి వచ్చి మళ్లీ చుక్కలు లెక్కపెట్టుకునేది. మంగళ, శుక్రవారాల్లో మాత్రం ఆ వేళకి నేను కింద అంతస్తులో ఆటోక్లేవ్ దగ్గర ఉండాలి. సామానంతా ఆవిరిలో ఉడికించే డ్యూటీ. ఆ రెండు రోజులు సీసాని చూసేవాళ్లు లేరు, అది ఎవరూ లేకుండానే నడిచేది.

నేను పుట్టింది పొదిలి దగ్గర మెట్టలో. మా చిన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్లు గేదెకి, చేతులు కడిగిన నీళ్లు సొరపాదుకి. చుక్క వృథా పోతే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. ఆ చెయ్యి పడిన వీపు ఇది. ఎవరి ఇంట్లోనైనా కుళాయి కారుతుంటే నా చెయ్యి ఊరుకోదు, అడక్కుండానే కట్టేస్తాను. పెళ్లివాళ్ల ఇంట్లో కూడా కట్టేశాను. అట్లాంటిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, అంత విలువైన గులాబీ నీళ్లు టిక్ టిక్‌మని చెత్త డబ్బాలోకి పోతుంటే గంటన్నర చూస్తూ ఉండమంటే ఎట్లా ఉంటాను?

మొదటి రోజు ఊరుకున్నాను. రెండో రోజు అనుకున్నాను: ఈ పిల్ల లేనప్పుడు ఇన్ని నీళ్లు ఎందుకు? కణాలకి తిండి కావాలి, అంతే కదా. కాస్త తగ్గిస్తే చచ్చిపోవుగా. వార్డులో రోగి నిద్రపోతుంటే సిస్టరు సెలైన్ నెమ్మది చెయ్యదా? బొటనవేలితో చక్రాన్ని జరిపాను. రెండు కావడానికి ఐదు నిమిషాలు ఉన్నాయనగా గడియారం చూస్తూ మళ్లీ ముప్పైకి తెచ్చాను. ఆ పిల్ల వచ్చి లెక్కపెట్టింది. ముప్పై. నాకు లోపల ఎంత తృప్తో. సీసాలో మిగిలింది కొలిచేవాళ్లు లేరు. సీసా కడిగేదాన్ని నేనే.

అట్లా ఆరు నెలలు.

మీరు నవ్వుతారేమో. నవ్వండి. అది తిండి కాదు, ఆ పిల్ల కొలుస్తున్నదే ఆ పారుదల అని నాకు తోచలేదు. పడవ, లంగరు, తోక అని అంత వివరంగా చెబితే విని, తల ఊపి, ఆ మర్నాడే పోయి ప్రవాహాన్ని కట్టేశాను. విన్నది ఒక చెవి దగ్గర, చేసింది ఒక చేతి దగ్గర. ఆ రెండూ కలవలేదు.

ఆ సోమవారం సింకు దగ్గర కలిశాయి. నేను లేని మంగళవారం, నేను లేని శుక్రవారం కణాలు ఎదురెక్కుతున్నాయి. నేను కాపలా ఉన్న రోజుల్లో, పారుదల లేని చోట పడవల్లాగా, ఎటు పడితే అటు తిరుగుతున్నాయి.

మేడం అప్పటికే తీర్పు చెప్పేస్తున్నారు. "చూడమ్మా, వచ్చే సోమవారం నా కళ్ల ముందు చేసి చూపించు. అప్పటికీ ఇదే వరస అయితే ఈ ఆరు నెలల రీడింగులు నమ్మదగ్గవి కావని కమిటీకి రాస్తాను. నువ్వు వేరే పని చూసుకోవచ్చు."

"సరేనండి" అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను అప్పుడే చెప్పేసేదాన్నేమో. నోట్‌బుక్ మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

నేను జాడీ కడిగాను. బోర్లించాను. ఇంటికి పోయాను.

చెప్పకపోవడానికి కారణాలు వెతుక్కుంటే బోలెడు దొరుకుతాయి. నాది కాంట్రాక్టు పని, ఇంకో ఐదు నెలల్లో దిగిపోతాను. చివర్లో తీసేస్తే మాటపడి పోవాలి. ఇదొకటి. అసలు కారణం అది కాదు. పన్నెండేళ్లుగా ఆ ల్యాబ్‌లో చదువుకున్నవాళ్లనందరినీ "చూసి చెయ్యండి, ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యండి" అని తిట్టినదాన్ని నేను. తడి చేత్తో స్విచ్ ముట్టుకున్న పెద్ద డాక్టరుని కూడా వదల్లేదు. అట్లాంటి నేను పోయి ఏ మొహంతో చెప్పను?

రాత్రి అన్నం ముందు కూర్చున్నాను. మా అబ్బాయికి పరుపులు కుట్టే పని, ఇంటి ముందే దూది ఏకే మిషను. కోడలు జుట్టులో దూది దులుపుకుంటూ వచ్చి కూర్చుంది. "ఏంటత్తా, పళ్లెంలో అన్నం అట్టాగే ఉంది?" అంది. చెప్పాను. కోడలికి చెబితే తప్పు తగ్గుతుందని కాదు, ఎవరికో ఒకరికి చెప్పాలి.

అంతా విని నవ్వింది. "నేను కుళాయి వదిలేస్తే గంటసేపు తిడతావు. నువ్వు కట్టేసి కూచుని ఏడుస్తున్నావు. ఏదో ఒకటి తేల్చుకో అత్తా."

"వెటకారమా?"

"వెటకారం కాదు. ఆ పిల్లకి చెప్పేయరాదా?"

"ఇక మీదట ముట్టుకోను. ముట్టుకోకపోతే అన్ని రోజులూ సరిగ్గానే వస్తాయి. చెప్పాల్సిన పనేముంది?"

"అట్టాగా" అని లేచిపోయింది. ఆ "అట్టాగా" నాకు నచ్చలేదు గాని, ఆ రోజుకి నేనన్న మాటనే పట్టుకుని పడుకున్నాను.

మంగళవారం పొద్దున ఆ పిల్ల రక్తం ఇచ్చేవాళ్ల కోసం తిరుగుతోంది. కణాలని రక్తంలోంచి తీసి, కొన్ని రోజులు వెచ్చటి పెట్టెలో పెంచి, చురుకు పుట్టించాకే పలక మీద వదలాలి. సోమవారానికి కావాలంటే ఆ రోజే తియ్యాలి. ఎప్పుడూ ఇచ్చే కుర్రాడికి జ్వరం. అంతకుముందు నన్ను రెండు మూడుసార్లు అడిగింది. "తిన్న తిండి రక్తమవడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలుసా? పారబోసేదానికి నేనెందుకిస్తాను?" అని తరిమేశాను. ఆ రోజు అడక్కుండానే పోయి చెయ్యి చాపాను.

"నిజంగానా ఆయమ్మా?"

"తొందరగా కానివ్వు. మనసు మారుద్ది."

కాగితం చదివి వినిపించింది, సంతకం పెట్టాను. సూది తీశాక నాకు అరటిపండు తెచ్చిచ్చి, నేను తినేదాకా పక్కనే కూర్చుంది. "మీరు నా మీద నమ్మకంతో ఇచ్చారు. అది చాలు నాకు" అంది. ఆ వారంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ నాకు అదే. తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం ఇంకో సంగతి జరిగింది. తప్పు జిగురులో ఉందేమోనని ఆ పిల్ల అప్పటిదాకా పూసి దాచుకున్న పలకలన్నీ పారేసి, కొత్తగా పూయడం మొదలుపెట్టింది. నిక్షేపంలాంటి పలకలు. చెత్త బుట్టలో అవి చూసి నా ప్రాణం ఉసూరుమంది. "ఎందుకే పారేస్తున్నావు?" అంటే, "మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి ఆయమ్మా. చుక్కలు ముప్పైకి ముప్పై. ఇక మిగిలింది ఇదొక్కటే" అంది. నేను ముప్పైకి ముప్పై పెట్టినందువల్లే ఆ పిల్ల ఆ వైపు చూడట్లేదు. పని రాని మనిషి ఎవరైనా కట్టేసి ఉంటే, విప్పేటప్పుడు ఇరవయ్యో నలభయ్యో పెట్టేది, రెండో రోజే దొరికిపోయేది. నా చేతికున్న నేర్పు వల్ల ఆరు నెలలు దొరకలేదు.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "సోమవారం కూడా తప్పితే ఏం చేస్తావే?" అన్న మాట బయటికొచ్చింది.

"ఏముంది, ఇంటికెళ్తాను. వేటపాలెంలో జీడిపప్పు యూనిట్లో లెక్కలు చూసే పనుందని మా పిన్ని ఎప్పటి నుంచో చెప్తోంది." కాస్త ఆగి, "పని గురించి కాదు ఆయమ్మా. నేను లేనిది రాశానన్నారు చూడండి, అది మోయలేను" అంది.

సోమవారం వచ్చింది. మేడం చెప్పిన టైముకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ పిల్ల కణాలని పలకలోకి వదిలింది. అతుక్కునేదాకా ఆగింది. క్లిప్పు తానే జరిపి, గడియారం చూసి, ముప్పై పెట్టింది. నన్ను పిలవలేదు. ఇన్నాళ్లూ నా దగ్గర చూసి నేర్చుకుంది. నేను సింకు దగ్గరే ఉన్నాను, చేతిలో ఏ సామానూ లేకుండా.

అరగంట గడిచింది. ఫొటోలు తిప్పింది. ఎదురెక్కాయి. గుంపుగా, ఒకే పట్టున, నీళ్లకి ముక్కు పెట్టి పాకుతున్నాయి.

"ఎవరివి ఈ కణాలు?" అన్నారు మేడం.

"ఆయమ్మవండి."

మేడం నా వైపు తిరిగి, "గట్టివే నీ కణాలు" అన్నారు. నేను దగ్గరకి పోయి చూశాను. నాలోంచి వచ్చినవి, నేను చెప్పకుండానే ఎదురు నడుస్తున్నాయి.

ఇక అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. ఈ రోజు ఎక్కాయి. ఒప్పుకుంటాను. మరి ఆ తప్పిన రోజులు ఏమిటి? కారణం చెప్పలేనప్పుడు ఈ రోజుది మాత్రం ఎందుకు నమ్మాలి? రేపు మళ్లీ తప్పవని ఏమిటి?"

"జిగురేమోనండి" అంది ఆ పిల్ల.

"పాత జిగురుతోనే శుక్రవారాలు ఎక్కాయి కదా."

"అవునండి."

"మరి?"

ఇక మీదట ముట్టుకోకపోతే చాలని నేను వేసిన ఎత్తు అక్కడ చచ్చిపోయింది. రాబోయే రోజులు బాగుపడితే గడిచిన రోజులు బాగుపడవు. ఆ రోజులకి కారణం చెప్పగల మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది.

"నేను తగ్గించానండి" అన్నాను.

"ఏం తగ్గించావు?" అన్నారు మేడం.

"చుక్కలు. అమ్మాయి అన్నానికి పోయినప్పుడల్లా. నీళ్లు ఊరికే పోతున్నాయని. వచ్చేముందు మళ్లీ ముప్పై పెట్టేదాన్ని. మంగళవారం, శుక్రవారం నేను కింద ఆటోక్లేవ్ దగ్గర ఉంటాను. ఆ రోజుల్లో పెట్టింది పెట్టినట్టే ఉండేది."

మేడం లేచారు. నన్ను తిట్టడానికే లేచారు, మొహం చూస్తే తెలిసింది. స్క్రీను వైపు చూసి, మళ్లీ కూర్చున్నారు.

"రా. చెయ్యి."

"ఏం చెయ్యనండి?"

"ఆ రోజుల్లో ఎట్లా చేసేదానివో అట్లా చెయ్యి."

చక్రం మీద బొటనవేలు పెట్టాను. జరిపాను. చుక్క, చాలాసేపటికి ఇంకో చుక్క. పది నిమిషాలు ఆగాం. ఫొటోలు తిప్పింది ఆ పిల్ల. గుంపు చెదిరిపోయింది. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి ఉన్నచోటే గుండ్రంగా. చావలేదు. పాకడం మానలేదు. ఎటు పోవాలో మాత్రం తెలియలేదు వాటికి.

"తెరువు" అన్నారు మేడం.

తెరిచాను. ఇంకో పది నిమిషాలు. ఒక్కొక్కటే ముక్కు తిప్పుకుని మళ్లీ ఎదురు పట్టాయి.

"మళ్లీ తగ్గించు. ఇందాకటంత కాదు, సగం."

అట్లా నాలుగైదు సార్లు చేశాం. మేడం స్టూలు అంచు మీదికి జరిగారు. తిట్టడం మర్చిపోయారు. "చూడు, ఈ ఒక్కటి చూడు, దీని తోక చూడు" అని ఆ పిల్ల భుజం మీద చెయ్యేశారు. ఆరు నెలల రీడింగులూ చుక్కలు తగ్గిన రోజులు, తగ్గని రోజులు అని రెండు రాసులుగా విడిపోయాయనీ, లేనిది ఒక్కటి కూడా అందులో లేదనీ ఆవిడకి అర్థమైంది. "నువ్వు రాసింది సరే" అని ఒక్క మాట అన్నారు. ఆవిడ దగ్గర అదే చాలా ఎక్కువ. నన్ను తిట్టడం ఐదింటికి గుర్తొచ్చింది. అప్పుడు సరిపడా తిట్టారు. నేను పడ్డాను.

ఆ పిల్ల మాత్రం నన్ను ఒక్కమాట అనలేదు, మధ్యాహ్నం నుంచి నా వైపు చూడనూ లేదు. సంచి భుజాన వేసుకుని, తలుపు దాకా పోయి, ఆగింది.

"పోయిన సోమవారం మేడం నన్ను అబద్ధాలకోరు అంటున్నప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"అప్పటికి మీకు తెలుసా?"

"అప్పుడే తెలిసింది."

"వారం" అంది. వెళ్లిపోయింది.

చుక్కలు తగ్గించడం తెలియక చేసిన పని. దాన్ని ఎవరైనా క్షమిస్తారు, కోడలైతే నవ్వింది కూడా. ఆ వారం రోజులు మాత్రం తెలిసి చేసిన పని. పిల్లలూ, పనిలో చేరాక మీకూ ఒక వారం వస్తుంది. సీసా పగలగొట్టిన రోజు కాదు, ముక్కలు చీర కొంగులో దాచుకుని తిరిగే వారం. అదెంత బరువో నేను చెప్పగలను. దాన్ని తొందరగా దించుకోండి అని మాత్రం చెప్పలేను, నేను దించుకోలేదు కాబట్టి.

మర్నాడు తొమ్మిదింటికి ల్యాబ్‌కి పోయాను. పని నడుస్తున్నప్పుడు ఆయమ్మ లోపలికి రాకూడదని మేడం తలుపుకి కాగితం అంటించారు. నా సామాను, బ్రష్షులు, సబ్బు డబ్బా వరండాలో పంపు దగ్గర పెట్టించారు. అక్కడే కూర్చుని కడగడం మొదలుపెట్టాను. పదకొండింటికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల నోట్‌బుక్, పెన్నుతో గుమ్మంలో నిలబడింది. కళ్లు నోట్‌బుక్ మీదే ఉన్నాయి.

"ఆ రోజుల్లో పూర్తిగా కట్టేసేవారా, కొంచెం వదిలేవారా?"

"వదిలేదాన్ని."

"ఎన్ని?"

"నిమిషానికి నాలుగు."

"ప్రతిరోజూ నాలుగేనా?"

"నాలుగే. లెక్కపెట్టి వదిలేదాన్ని."

తప్పిన రోజుల లెక్క పక్కన నాలుగు అని రాసుకుంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.